బోర్లించిన గ్లాసు

"ఏమ్మా, మేమంతా ఇక్కడ గాలికి నిలబడ్డామా?"

వరసలో తమ ముందుకొచ్చి నిలబడిన ముసలావిడ మీద కండక్టరు కస్సుమన్నాడు.

"నా చోటు ఇదే బాబూ. కుళాయి దాకా వెళ్లి, దోసిట్లో నాలుగు గుక్కలు తాగొచ్చాను."

"ప్రతివాళ్లూ చెప్పే మాటే."

"ఊరుకోరా," అంది అతని చెయ్యి పట్టుకుని నిలబడిన తల్లి. "పోయినాయన్ని చూడ్డానికొచ్చి చోటు కోసం తగువా?"

దేశానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన పెద్దాయన ముందురోజు పోయాడు. ఆఖరి చూపు కోసం ఆయన్ని పాత సభాభవనంలో ఉంచారు. చీకటి పడేలోగా తలుపులు మూసేస్తారు. మర్నాడు అంత్యక్రియలకు పిలిచినవాళ్లకే ప్రవేశం. అమ్మ ఆయన ముఖం చూడాలంటే ఇక ఈ సాయంత్రమే.

అమ్మకు మోకాళ్లు సహకరించవు. కొడుకు ఆసరా లేనిదే అడుగు పడదు. అయినా పొద్దుటినుంచి ఒకటే పట్టు.

వరస పొడవునా అందరికీ ఆయన గురించి ఏదో ఒకటి గుర్తొస్తోంది.

"రేడియోలో ఆయన మాట్లాడుతుంటే మా నాన్న ఇంట్లో గిన్నె చప్పుడు కానిచ్చేవాడు కాదు," అంటున్నాడు ముందు ఎవరో. "మాట అర్థమయ్యే వయసు కాదు నాది. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది."

వరస కదిలింది.

"జరగండి, ముందుకు జరగండి!" అన్నాడు కండక్టరు.

ముసలావిడ వెనక్కి తిరిగింది. "బస్సులో పనిచేస్తావా నాయనా?"

"ఎలా తెలిసింది?"

"చోటు లేకపోయినా జరగమంటున్నావు."

అమ్మ పొద్దుటినుంచి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతో మాటా వచ్చింది. చేతిసంచిలోంచి స్టీలు గ్లాసు తీసింది.

"ఆయన ఇందులో మంచినీళ్లు తాగారు, తెలుసా?"

"మొదలెట్టింది," అన్నాడు కొడుకు. "ఈ కథ మా బస్సులో సీట్లక్కూడా కంఠతా వచ్చు."

"నువ్వుండు. నేను బడిలో ఆయాగా చేసే రోజులమ్మా. ఆయన మా బడి చూడ్డానికొచ్చారు. ఎండ మండిపోతోంది. దాహం అన్నారు. చుట్టూ అంతమంది ఆఫీసర్లు, ఒక్కడి చేతిలో నీళ్లు లేవు! నా గ్లాసుతో ఇచ్చాను. తాగుతూ మాట్లాడుతూ కారెక్కేశారు, గ్లాసుతో సహా."

"తరవాత?" ముసలావిడ గొంతు తగ్గింది.

"గేటు దాటిన కారు ఆగింది. ఆయనే దిగి, గ్లాసు పట్టుకుని వెనక్కి నడిచొచ్చారు. ఆఫీసర్లంతా ఆయన వెనక పరుగు!"

"కడిగి ఇచ్చాడా?"

కండక్టరుకు చిర్రెత్తింది. "అంతటి మనిషిని పట్టుకుని ఇచ్చాడేంటండీ?"

"తప్పే బాబూ. కడిగి ఇచ్చారా?"

"కడిగే!" అంది అమ్మ. "మా కుళాయి దగ్గర వంగి, శుభ్రంగా కడిగి, నీళ్లు దులిపి మరీ చేతికిచ్చారు. మరిచిపోయి పట్టుకుపోతున్నానమ్మా అన్నారు."

ముసలావిడ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అంచు చుట్టూ వేలితో నిమిరింది. మళ్లీ వరస కదిలేదాకా తలెత్తలేదు.

మెట్ల దగ్గరికి చేరేసరికి వెలుతురు తగ్గిపోయింది. కాపలా అతను తాడు అడ్డం కట్టబోతూ వాళ్లను చూసి ఆగాడు.

"ఇంకో ఇద్దరు. అంతే. సంచులూ గ్లాసులూ లోపలికి కుదరవు."

ముందు ముసలావిడ. తరవాత అమ్మ. కొడుకు లేకుండా అమ్మ ఆ మెట్లు ఎక్కలేదు.

"ముగ్గురం సార్. పెద్దవాళ్లు..." కండక్టరు బతిమాలాడు.

"నాకు చెప్పింది ఇద్దరనే."

రోజూ ఫుట్‌బోర్డు మీద నిలబడి తను అనే మాట ఇలాంటిదే. కింద నిలబడి వింటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

ముసలావిడ పక్కకు తప్పుకుంది.

"మీరు వెళ్లండి. నాకు చూసినట్టే ఉంది."

"అదేంటి పెద్దమ్మా, ఇంతసేపు నిలబడి!"

"జరుగు బాబూ, ముందుకు జరుగు," అందావిడ నవ్వుతూ.

తన నీలం శాలువా తీసి అమ్మ భుజాల చుట్టూ కప్పింది. "లోపల చల్లగా ఉంటుంది. సంచీ గ్లాసూ నేను చూస్తుంటాను. వెళ్లిరా అమ్మా."

లోపల అమ్మ ఆయన ముఖం తనివితీరా చూసింది. "చెంపలు లోపలికి పోయాయి గానీ, ఆ నుదురు అదే," అని గొణిగింది. చేతులు జోడించి దేవుడికి ఏదో చెప్పుకుంది.

వచ్చినవాళ్లందరికీ నమస్కరిస్తూ నిలబడిన ఆయన కూతురు, అమ్మను చూసి ఆగిపోయింది.

"ఈ శాలువా మీకెక్కడిది?"

ఒక అంచున చిరుగును ఎర్రదారంతో కుట్టారు. ఆమె వేళ్లు ఆ కుట్టు మీదే ఉన్నాయి.

"లైన్లో ఒక పెద్దావిడ ఇచ్చిందమ్మా," అన్నాడు కండక్టరు. "తన చోటు కూడా మాకే..."

ఆమె చివరిదాకా వినలేదు. గబగబా మెట్లు దిగింది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కండక్టరు వెనకే పరుగెత్తాడు.

తాడు అవతల ఎవరూ లేరు. ఇళ్లకు మళ్లిన జనంలో ఏ తలా ఆవిడది కాదు.

కాపలా అతని కుర్చీ మీద అమ్మ సంచి పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. దాని చుట్టూ ఇంకా తడి.

"దాంతో నీళ్లు తాగి, కడిగి, ఇక్కడ పెట్టి వెళ్లిపోయింది," అన్నాడతను. "వాళ్లకిచ్చెయ్యమంది."

కూతురు గ్లాసు తీసుకుంది.

"పొద్దున ఆవిడకి కారు పంపాను. ఎక్కలేదు. నాన్న పదవిలో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఎవరికీ వరస తప్పించే పక్క తలుపు లేదు, ఇప్పుడు మాత్రం ఎందుకంది."

దేవుడు ఇలాంటివాళ్లను మన ముందే నిలబెట్టి, ఎవరో చెప్పడెందుకు? తను మొదట కస్సుమన్న మాట కండక్టరుకు గుర్తొచ్చింది.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా మేనత్త. తాగిన గ్లాసు కడిగి ఇవ్వాలని నాన్నకు చిన్నప్పుడు నేర్పిన అక్క."