దుప్పటి మిగతా సగం

“ఆ చేత్తో వద్దమ్మాయ్,” అంది భర్త మేనత్త. కోడలి ఎడంచేతిలో క్రోషే సూది అలాగే ఆగిపోయింది.

ఒడిలో పసిబిడ్డ దుప్పటి సగమే ఉంది. ఆ సగం అత్తగారు అల్లింది. నిన్న స్నానాలగదిలో జారిపడి మణికట్టుకు కట్టు వేయించుకుంది. రేపు ఉదయం ఆడపడుచు బిడ్డను తీసుకుని ఆస్పత్రి నుంచి వస్తుంది. మనవరాలిని ఈ దుప్పటిలోనే ఇంటికి తెస్తానని అత్తగారు కూతురికి మాటిచ్చింది.

మిగతాది అల్లుతానని కోడలే ముందుకొచ్చింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అత్తగారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. జ్వరమొస్తే పక్కనే కూర్చుని తల పట్టింది. ఆమె కోసం ఈ ఒక్క పనైనా చేయాలని కోడలి ఆశ.

మేనత్త మాటను కొట్టిపారేయడానికి లేదు. ఈ ఇంట్లో ఆడవాళ్ళందరికీ క్రోషే నేర్పింది ఆమే, అత్తగారితో సహా. కుడిచేత్తో వేసిన కుట్టు ఒక పక్కకు వాలుతుందని, ఎడంచేత్తో వేసింది రెండో పక్కకు వాలుతుందని, రెండూ ఒకే దుప్పటిలో పడితే మాసిక వేసినట్టు ఉంటుందని చెప్పింది.

“మీ అత్తకి వియ్యాలవారి ముందు తలవంపులు. కుడిచేత్తో పట్టుకుంటే సూదేం కరవదు.”

కోడలు సూదిని కుడిచేతికి మార్చింది. ఒక కుట్టు బిగుసుకుంది, పక్కది వదులైంది. వరస పూర్తయ్యేసరికి అంచు వంకరపోయింది. విప్పింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పింది. ఊలు నూగు లేచింది.

పక్కగదిలో గోడకు చందమామ స్టిక్కర్లు అంటిస్తున్న భర్త తొంగిచూశాడు. తన చందమామకు బుడగలొచ్చి దోమలు కుట్టినట్టుందని, దుప్పటి కాస్త వంకరైనా బిడ్డ ఏమీ అనుకోదని అన్నాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూసి, వదినగారైన ఆ మేనత్తను టీ పెట్టమని వంటింట్లోకి పంపింది. లేచి తలుపు గడియ పెట్టింది.

“సూది ఆ చేతికి మార్చు.”

“కుట్టు కలవదత్తయ్యా. మీరు పడ్డ కష్టమంతా పాడైపోతుంది.”

“మార్చమంటున్నానా.”

మార్చింది. చెయ్యి తన దారిన తాను పరుగెత్తింది. రెండు వరసలయ్యాక కోడలు దుప్పటిని కిటికీ వెలుగులో పట్టుకుంది. అత్తగారి అల్లిక ఎక్కడ ఆగిందో, తనది ఎక్కడ మొదలైందో వెతికింది. వేలితో తడిమింది. దొరకలేదు.

అత్తగారు కట్టు లేని చేత్తో ఆమె తల నిమిరింది. “నా మాట నిలబెట్టావు తల్లీ. ఈ మేలు మర్చిపోను.”

కోడలు ఇంకా దుప్పటినే చూస్తోంది. “ఎలా కలిసిందత్తయ్యా?”

అత్తగారు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“నేను గదిలో తలుపేసుకుని అల్లేది అందుకే. వదినతో మాత్రం అనకు, నాకు ఎడంచేతి వాటం మాన్పించానని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటోంది.”