ఎడమ పక్క

"మధ్యలో కూర్చోండి మేడమ్. అప్పుడే కీలన్నీ చేతికి అందుతాయి," అన్నాడు షాపతను.

ఆమె మాత్రం అలవాటు కొద్దీ, పెద్ద కీబోర్డు ముందున్న బెంచీకి కుడి చివరనే కూర్చుంది. ఇంట్లో పాటలు కట్టేటప్పుడు ఎడమ పక్క అక్క కూర్చునేది. అక్క పోయింది, ఆ వెనకే పాత కీబోర్డూ పాడైంది. కొత్తది కొందాం రమ్మని బావే బయల్దేరదీశాడు. సంగీతమంటే అతనికి ఆమడ దూరమని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"చిన్నది చాలు బావా. ఎడమ చేత్తో వాయించడం నాకు రాదు."

"ఈ పెద్దదీ చూడు, పోయేదేముంది?"

"ఇది ఇద్దరు వాయించేది. సగం ఊరికే పడుంటుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. అరలో ఉన్న చిన్న కీబోర్డు వైపు చెయ్యి చూపించింది.

బావ వచ్చి ఆమెకు ఎడమ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. బొటనవేలూ చిటికెనవేలూ బారజాపి రెండు కీలు నొక్కి పట్టుకున్నాడు. అక్క ప్రతి పాటా మొదలుపెట్టే చోటు అదే.

"ఇక్కడే కదూ?"

"నీకెలా తెలుసు?"

"టీ కప్పులు పట్టుకుని మీ వెనకాలే నిలబడేవాణ్ణిగా. ఒక్కసారన్నా తిరిగి చూశారు గనకనా."

కంప్యూటర్‌కు తగిలిస్తే గానీ ఆ కీబోర్డు మోగదు. షాపతను వైరు పట్టుకొచ్చి, "తగిలించమంటారా?" అని అడిగాడు.

బావ వేళ్ళు తియ్యలేదు.

"కాసేపాగండి," అంది ఆమె, మోగని కీల మీద తన కుడి చెయ్యి పెడుతూ.