వెయిటింగ్ లిస్టులో ఊటీ

"చెప్పు బిడ్డా, మనం ఏడికి పోయినం?"

"ఊటీకి."

"ఏం జూసినం?"

"లచ్చమ్మమ్మ బర్రెల్ని."

ప్రవీణ నుదురు కొట్టుకుంది. చేతికున్న సబ్బు నురగ నుదుటికీ అంటింది. తుర్కయంజాల్‌లో చిన్నమ్మ లచ్చమ్మ ఇంటి వెనకాల, వేడినీళ్ళ బకెట్లో ఆరు నీలగిరి తైలం సీసాలు నానుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంవాడు ఒక్కో సీసా అడుగునా అతికించిన చీటీని ఆమె గోటితో గీకుతోంది. చీటీ పోయింది గానీ, గుండ్రటి జిగురు మరక మాత్రం పోనంటోంది.

తప్పంతా ప్రవీణ నోటిదే. రైలు టికెట్లు ఇంకా వెయిటింగ్ లిస్టులో ఉండగానే, ఎల్బీనగర్‌లో తాము కిరాయికుండే బిల్డింగంతా చాటింపు వేసింది. నిరుడు ఊటీ వెళ్ళొచ్చి ఇంటింటికీ ఇలాంటి సీసానే పంచిన ఓనరు సంధ్యారాణి ఆంటీకైతే రెండుసార్లు చెప్పింది. తీరా ప్రయాణం రోజు టికెట్లు ఖాయం కాలేదని తెలిసేసరికి, ఆంటీ దారిలో తినమని పులిహోర కట్టిచ్చి, గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆ చెయ్యి ముందు నుంచి సంచులతో మళ్ళీ మెట్లెలా ఎక్కుతారు? ఆటో ఎక్కారు. ఆటో తుర్కయంజాల్‌లో ఆగింది.

"పులిహోర మాత్రం మస్తుండె," అన్నాడు సతీష్. నాలుగు రోజులుగా అతను చిన్నమ్మవాళ్ళ బండి మీద ఇక్కడినుంచే డ్యూటీకి పోతున్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎవరైనా గుర్తుపడతారని ఛాయ్ కూడా హెల్మెట్ పెట్టుకునే తాగుతున్నాడు.

"నవ్వకు. దొరికితే ఆ బిల్డింగ్‌ల తలెత్తుకొని తిరుగుతనా? రేపు పిల్లలు గూడ మన జ్యోతిని ఆట పట్టిస్తరు. నువ్వడుగు, నేను చెప్త."

సతీష్ ఫోన్ తెరిచాడు. "ఊటీల మొదటి బంగ్లా కట్టిందెవరు?"

"కోయంబత్తూరు కలెక్టర్, సలివాన్ దొర. చెరువు తవ్విపిచ్చింది గూడ ఆయననే. ఆలుగడ్డ నాటిచ్చింది గూడ."

"దొడ్డబెట్ట?"

"నీలగిరులల్ల అన్నిటికన్న ఎత్తు గుట్ట. రైలు పందొమ్మిదొందల ఎనిమిదిల ఒచ్చింది."

"తొమ్మిదో క్లాసుల బడి మానకుంట గిట్ల సదివుంటే, నువ్వే కలెక్టరైతుంటివి గదనే!"

మర్నాడు సాయంత్రం సంచులతో మెట్ల దగ్గరికి వచ్చారో లేదో, సంధ్యారాణి ఎదురైంది.

"వచ్చేశారా! ఎలా జరిగిందమ్మా ప్రయాణం?" ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆవిడ మాట మాత్రం గుంటూరు వదల్లేదు.

"మంచిగ అయ్యిందాంటీ!" ప్రవీణ ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. దొరా, బంగ్లా, చెరువూ, ఆలుగడ్డలూ, పందొమ్మిదొందల ఎనిమిదీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "ఇంక లాస్టుకేమో పడవెక్కి దొడ్డబెట్ట దాక పోయినం!"

వెనకాల సతీష్‌కు పొలమారింది. గుట్ట మీదికి పడవ!

ఆంటీ కొంగు సర్దుకుంది. "ఆ... మేమూ పడవలోనే వెళ్ళాంలే," అంది.

వెటకారమే. అయిపోయింది, దొరికిపోయాం అనుకుంది ప్రవీణ.

"ఏమే జ్యోతీ, నువ్వేం చూశావు?"

"బర్రెలు!"

"ఊటీలో బర్రెలా?"

"తోడాలవి ఆంటీ!" ప్రవీణ ఎగిరి అందుకుంది. "దొరకన్న ముందునుంచి ఆ గుట్టలల్ల ఉన్నోళ్ళు. వాళ్ళకు బర్రెలంటే పానం."

ఈసారి సరిగ్గానే చెప్పింది. సతీష్ చప్పట్లు కొట్టబోయి, ఆ చేతుల్తోనే దోమను కొట్టినట్టు నటించాడు.

"పాలు లచ్చమ్మమ్మ పిండింది," అంది జ్యోతి.

ప్రవీణ బిడ్డ నోట్లో చాక్లెట్ కుక్కి, సంచిలోంచి సీసా తీసి ఆంటీ చేతిలో పెట్టింది. "మీకోసమే తెచ్చిన ఆంటీ, ఊటీ నుంచి."

సంధ్యారాణి సీసాను ఇటూ అటూ తిప్పింది. తలకిందులు చేసింది. ఆవిడ బొటనవేలు అడుగునున్న గుండ్రటి మరక మీదికి పోయి, అక్కడే అతుక్కుంది.

ప్రవీణ కళ్ళు మూసుకుంది.

ఆంటీ మెట్ల పైకోసారి, కిందికోసారి చూసింది. ఎవరూ లేరు. వంగి, ప్రవీణ చెవిలో మెల్లగా అంది.

"నీళ్ళకు పోదమ్మా ఈ జిగురు, నిరుడు నేను కొబ్బరినూనె రాశాను."