గేటు దాటే ముందు

సుకన్య సైకిలును గేటు దాకా తెచ్చి ఆగిపోయింది.

"అత్తయ్యా, నేను మస్కట్‌లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి ఈ దేశం వచ్చిన నాటి నుంచి వరంగల్ చుట్టూ సైకిలు దారులు వెతుక్కుంటూ ఒంటరిగా తిరుగుతున్నాను. మీ అబ్బాయి ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంట్లో ఉన్నది మీరొక్కరే. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని ఒక్కనాడైనా అడిగారా? వీధి కుక్క కనబడకపోతే మాత్రం నాలుగిళ్లలో అడుగుతారు!"

వాకిట్లో నీళ్లు చల్లుతున్న శోభారాణి చేయి ఆగింది.

"బయలెల్లేటోళ్లను యాడికని అడుగుతరా బిడ్డా? అడిగితె దారిల ఆపదొస్తదంటరు. అసలే లారీల రోడ్డు. నోటిదాక వచ్చిన మాటను రోజు మింగుతాన."

ఆ పట్టింపు సంగతి మస్కట్‌లో సుకన్యకు ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ తాను ఉపేక్షగా లెక్కించినది భయమని ఒప్పుకోవడానికి ఆమె కోపం సిద్ధంగా లేదు.

"తిరిగి వచ్చాక అడగవచ్చు కదా?"

"వచ్చినంక నువ్వు సక్కగ రూములకు పోయి తలుపేసుకుంటవు. తలుపుతోని మాట్లాడాల్నా?"

సుకన్య సైకిలుకు స్టాండు వేసింది.

"నేను అడగొద్దు గని, నువ్వు చెప్తె వింట," అన్నది శోభారాణి, బకెట్టులోకి చూస్తూ.

"వర్ధన్నపేట వైపు, కాలువ గట్టు మీదికి అత్తయ్యా."

శోభారాణి బకెట్టు కింద పెట్టింది.

"గట్టు మీద నీడుంటదా?"