అసలు గుర్తు

"చేతులు కడుక్కున్నరా?" అని అడిగాడు హరికిషన్.

"కడుక్కున్నానండి."

"అయినా ఏం ముట్టుకోకుండ్రి. తెచ్చింది బల్ల మీద పెట్టి జెర దూరం జరగుండ్రి."

లోవలక్ష్మి సంచిలోంచి టవల్ చుట్టిన వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. టవల్లో ఉన్నది బూడిదరంగు వీడియో గేమ్ కంట్రోలర్.

రాంగోపాల్‌పేట్‌లోని ఆ మేడ మీద గదిలో ఎవరికైనా ఇదే మర్యాద. హరికిషన్ సేకరించేది కంట్రోలర్లు. షాపుల్లో దొరికేవి కావు. ఒక మోడల్‌ను అమ్మకానికి తెచ్చే ముందు, పరీక్షించి చూడటానికి కంపెనీలు ఏ కొన్నో చేయించుకునే నమూనాలు. ఏది అసలో ఏది నకిలీయో తేల్చడంలో హరికిషన్ మాటకు తిరుగులేదని అందరూ అంటారు. ఆ సంగతి అందరికీ చెప్పింది కూడా హరికిషనే.

"టవల్ల చుట్టి తెచ్చిండ్రా? ఉల్లిగడ్డలనుకున్నరా ఏంది?" అన్నాడు తెల్ల గ్లవుజులు తొడుక్కుంటూ.

"మా ఆయన అలాగే దాచుకున్నారండి. పూర్వం గేములు పరీక్షించే కంపెనీలో చేసేవారు. ఇది బజార్లోకి రాకముందే తన చేతుల్లో ఆడిందని, కంపెనీ మూసేసేటప్పుడు మేనేజరు ఇచ్చేశారని చెప్తారు. ఎవరూ నమ్మరు. మల్కాజ్‌గిరిలో మా వీధంతా కోతల రమణయ్య అంటారండి."

"మీరు నమ్ముతరా?"

లోవలక్ష్మి తల దించుకుంది.

"మొన్న చుట్టాల ముందు ఆయన ఈ మాటే చెప్తుంటే, అందరితోపాటు నేనూ నవ్వేశానండి. అప్పటినుంచి నాతో మాటల్లేవు. ఇది నిజమైందే అని మీరొక్క మాటంటే, కిందికెళ్లి ఆయన మొహం చూడగలను."

"కింద ఉన్నడా? పైకెందుకు రాలే?"

"టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. రానన్నారండి."

"వస్తే దొరికిపోతడు కదా! గిసుంటోళ్లను శానమందిని చూసిన."

పక్క గదిలోంచి అతని తల్లి కమలాబాయి గొంతు వినిపించింది. "కిషన్, అయిపోయిందారా? జెర లోపటికొస్త."

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఈ గదిల నీకేం పని? ఒక్కటన్న సమజైతదా నీకు?" అని కసిరి, లోవలక్ష్మి వైపు తిరిగాడు. "పండగొస్తే ఈమెతోని పెద్ద పరేషాన్."

అద్దాల అల్మారా తెరిచి తన కంట్రోలర్ ఒకటి తీసి పక్కన పెట్టాడు. అదే మోడల్. అదే బూడిదరంగు. దేని మీదా కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. అమ్మకానికి వచ్చిన వాటికి గుండ్రటి బొత్తాలుంటాయి. ఈ రెండింటికీ పలకల బొత్తాలు.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదండీ!" అంది లోవలక్ష్మి, స్టూలు మీదనుంచి లేచి.

"మీకట్లనే కనబడ్తది." హరికిషన్ తన దాన్ని తిరగేసి భూతద్దం పట్టాడు. అడుగున ఒక మూల పెసరగింజంత ఎర్ర చుక్క. "గిది చూడుండ్రి. తయారు చేసిన ఇంజనీరు చేత్తోని పెట్టిన గుర్తు. ఇంటర్నెట్ల దొర్కదు, ఏ పుస్తకంల లేదు. నేను కనిపెట్టిన."

తనే కనిపెట్టాడన్నది మాత్రం నిజం. కొన్న చాలా రోజులకు గానీ ఆ చుక్క అతని కంటపడలేదు. పడ్డాక మిగతావి కూడా తిరగేశాడు. అల్మారాలో ఉన్న ప్రతిదానికీ చుక్క ఉంది. ఊళ్లోవాళ్లు తెచ్చి చూపించిన వాటిలో ఒక్కదానికీ లేదు. దాంతో తనవన్నీ అసలువనీ లోకంలోవన్నీ నకిలీలనీ తేలిపోయింది. ఎంతోమంది మొహాలు వేలాడేసుకుని ఆ మెట్లు దిగిపోయారు.

లోవలక్ష్మి తెచ్చిన దాన్ని తిరగేశాడు. అడుగున ఏమీ లేదు.

"మిగతావన్నీ సరిపోయినయ్. అసలు గుర్తే లేదు. నకిలీ. ఎవడో మీ ఆయనకు టోపీ పెట్టిండు. లేకుంటే మీ ఆయన మీకు పెట్టిండు."

"ఇంకొక్కసారి చూడండి సార్."

"పిల్లలుంటే ఆడుకోనియ్యుండ్రి. నా టైం ఖరాబు చేయకుండ్రి."

ఫోన్ మోగింది. హరికిషన్ గ్లవుజులు విప్పి బల్ల మీద పారేసి బాల్కనీలోకి వెళ్లాడు. "అరె భాయ్, ఇయ్యాల సుత ఒక కోతలోడు దొరికిండు..." అంటూ నవ్వడం వినిపించింది.

లోవలక్ష్మి కిటికీలోంచి కిందికి చూసింది. టీ కొట్టు ముందు రమణయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు నిండుగా అలాగే ఉంది. కళ్లు మేడ మెట్ల మీదే ఉన్నాయి. ఆమె గబుక్కున పక్కకు జరిగి కంట్రోలర్‌ను చేతిలోకి తీసుకుంది. టవల్ చుట్టబోయింది.

పక్క గది తలుపు మెల్లగా తెరుచుకుంది. కమలాబాయి చెంగు కింద ఏదో దాచుకుని, బాల్కనీ వైపు ఒక కన్నేసి, పిల్లిలా లోపలికి వచ్చింది.

"వానికి చెప్పకు బిడ్డా. వాడు అవుతల ఉన్నప్పుడే నా పని." లోవలక్ష్మి చేతిలోది చూసింది. "ఇది నీదా? పండగ పూట గిట్ల బోసిగ ఉంచుతరా? ఇటియ్యి."

బాల్కనీలోంచి హరికిషన్ గొంతు ఖంగుమంది. "ఎర్ర చుక్క లేకుంటే నకిలీనే భాయ్! నా మాట రాసిపెట్టుకో!"

కమలాబాయి చెంగు కింద నుంచి నూనెలో తడిపిన కుంకుమ గిన్నె తీసి, కంట్రోలర్‌ను తిరగేసి, అడుగున సరిగ్గా అదే మూల ఉంగరపు వేలితో ఒత్తి, "పైన పెడితే వాడు లొల్లి చేస్తడని ప్రతి దసరాకు గిట్ల కిందనే పెడ్త తల్లీ, వాని సామాన్ల ఒక్కదాన్ని సుత బొట్టు లేకుండ ఉంచలే" అంది.