పదిహేడో నంబరు

“ఇరవై తొమ్మిది,” అన్నాడు ఫైర్ ఆఫీసరు.

వరస మొదటికి వెళ్ళి, పెన్సిలు ఆడిస్తూ మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఇరవై తొమ్మిదే. రిజిస్టరులో ఆ రోజు హాజరు ముప్ఫై.

అంతవరకూ డ్రిల్లు ఆయన మెచ్చుకునేలాగే సాగింది. అది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. చదువు మధ్యలో ఆపేసి, ఇన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ. ఇరవై ఏళ్ళవాళ్ళ పక్కన నలభై దాటినావిడ కూర్చుని రాసుకుంటూ ఉంటుంది. పొద్దున ఆయన స్పిరిటు దీపం మంట మీద తడిగుడ్డ కప్పి చూపిస్తే కళ్ళార్పకుండా చూశారు. మంటలార్పే ఎర్ర సిలిండరు పిన్ను లాగి, మంట మొదట్లో కొట్టాలా పైన కొట్టాలా అని పోట్లాడుకుని మరీ నేర్చుకున్నారు. తర్వాత ఆయన వరండాలో డ్రిల్లు పొగ వదిలి గంట మోగించాడు. ముక్కులకి తడిగుడ్డలు పెట్టుకుని, నడుములు వంచి, రెండు నిమిషాల పది సెకన్లలో ఆవరణలోకి వచ్చేశారు.

అందరికంటే చివర మేడమ్ వచ్చింది. గదంతా ఒకసారి కలియజూసి, గ్యాసు కట్టేసి, తలుపు దగ్గరికి లాగి, రిజిస్టరు చంకలో పెట్టుకుని మరీ దిగింది.

“మంటల్లోంచి హ్యాండుబ్యాగు తెచ్చేవాళ్ళని చూశాను గానీ, రిజిస్టరు తెచ్చినవాళ్ళని చూళ్ళేదు మేడమ్,” అన్నాడాయన.

వేళ్ళకంటిన సుద్దపొడి కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

ఇప్పుడా నవ్వు లేదు.

“ఎవరు తగ్గారు మేడమ్?”

ఆవిడ వరస వంక చూసి తల దించుకుంది. “అందరూ వచ్చేశారు సార్.”

“అవును సార్, అందరం వచ్చేశాం,” అంది వరసలోంచి ఒకమ్మాయి.

ఆ మాటంటేనే ఆయనకి పడదు. పన్నెండేళ్ళ కిందట మంటలంటుకున్న ఒక హాస్టలు ముందు ఎవరో ఇలాగే అంటే నమ్మి, నీళ్ళ గొట్టాలు చుట్టించేశాడు. తెల్లారాక మేడమీద స్నానాలగదిలో ఒకబ్బాయి కనిపించాడు. అప్పట్నుంచి ఎవరి నోటి లెక్కా ఆయన నమ్మడు.

“ఇది ఉత్త పొగే. కానీ ఆయాసం ఉన్నవాళ్ళకి ఇదీ చాలు. నేను చూసొస్తాను, మీరు నంబర్లు పిలుస్తూ ఉండండి,” అని మాస్కు తగిలించుకున్నాడు.

మెట్ల దగ్గర నోటీసు బోర్డుంది. లెక్చరర్ కావలెనన్న నాలుగు నెలల కిందటి కాగితం ఒకటి ఎండకి రంగు వెలిసి, ఓ మూల ఊడి వేలాడుతోంది. దాన్ని దాటుకుని పైకెక్కాడు. కుడిచెయ్యి గోడ వదలకుండా మోకాళ్ళ మీద పాకుతూ ప్రతి బెంచీ కింద తడిమాడు. సీసాల గదిలో చూశాడు. బాత్‌రూము తలుపు వెనక చూశాడు. చీపురు తగిలింది గానీ మనిషి తగల్లేదు. ఈ ఏడే రిటైరయ్యే మనిషి. మోకాళ్ళు కలుక్కుమంటుంటే రెయిలింగు పట్టుకుని దిగాడు.

“ఎవరూ లేరు. నంబర్లు పిలిచారా?”

“లేదు సార్.”

“ఏం?”

ఆవిడ రిజిస్టరు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయనకి అంతు పట్టలేదు. ఇంత పద్ధతిగా క్లాసుని దింపిన మనిషి, నంబర్లు పిలవడానికి ఎందుకు వెనకాడుతోంది?

నలభై దాటినావిడ గొంతు సవరించుకుంది. “సార్, మీ రిపోర్టులో లెక్చరర్ సంతకం ఉండాల్సిందేనా?”

“ఉండాలి. ల్యాబున్న గది. బాధ్యత పడే లెక్చరర్ లేకపోతే తాళం వేయించడమే.”

“పన్నెండు రోజుల్లో పరీక్ష సార్.”

“ఇప్పుడు ఆ గొడవెందుకమ్మా? ముందు మనిషి దొరకాలి. ఏదీ, ఇలా ఇవ్వండి మేడమ్.”

రిజిస్టరు తీసుకుని తనే పిలవడం మొదలుపెట్టాడు. పదహారు దాకా ఒక్కో గొంతూ పలికింది.

“పదిహేడు.”

ఎవరూ పలకలేదు.

“పదిహేడు ఎవరు? ఎక్కడ కూర్చుంటుంది?”

పద్దెనిమిదో నంబరమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “ముందు నా పక్కనే కూర్చునేది సార్. ఇప్పుడు కూర్చోదు.”

“ఎన్నాళ్ళైంది?”

“నాలుగు నెలలు.”

ఆయన కాగితాలు వెనక్కి తిప్పాడు. పదిహేడో గడిలో నాలుగు నెలలుగా ఒక్క గైర్హాజరు లేదు. తల ఎత్తి మేడమ్ వంక చూశాడు. ఈసారి గొంతులో మర్యాద తగ్గింది.

“రాని మనిషికి రోజూ హాజరు వేస్తున్నారా?”

“రోజూ వస్తుంది సార్,” అందావిడ. “జ్వరమొచ్చినా మానలేదు.”

“ఇవాళ?”

“ఇవాళా వచ్చింది.”

“అయితే లోపలే ఉండిపోయింది.” రిజిస్టరు నేలమీద పడేసి మళ్ళీ మాస్కు అందుకున్నాడు. తొందరలో పట్టీ రెండుసార్లు చేతుల్లోంచి జారిపోయింది. “ఒక్కసారి చూసి వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను పావుగంటలో రాకపోతే వ్యాన్‌లో మావాళ్ళున్నారు, కేకెయ్యండి.”

మేడమ్ ఆ చేతులకేసి చూసింది. ఒకడుగు ముందుకి వేసింది.

“అక్కా, వద్దు,” అంది పద్దెనిమిదో నంబరమ్మాయి మెల్లిగా.

ఈ కాలం పిల్లలు టీచర్లని అక్కా అంటారు కాబోలు అనుకున్నాడాయన. మెట్ల మీద కాలు పెట్టి, మనసొప్పక వెనక్కి తిరిగాడు. ఆఖరిసారిగా, భవనమంతా వినపడేలా పిలిచాడు.

“పదిహేడు!”

“ప్రెజెంట్ సార్,” అంది మేడమ్.