గుర్తు పెట్టిన చోటు

"ఇక్కడ నిలబడకండి బాబూ. అటు మెట్ల వైపు వెళ్ళండి."

చెరువు వెనక గట్టు మీద ఆ పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోన్లు పట్టుకుని వచ్చిన కాలేజీ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని వెనక్కి తిరిగారు.

గట్టును ఆనుకున్న ఇంటి పై అంతస్తులో కుట్టు మిషను ముందున్న టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆ చెరువును ఫోనులో ఆడే నడక ఆటలోకి ఎక్కించింది ఆవిడే మరి.

చుట్టుపక్కల చూడదగ్గ చోటేదైనా సరే, ఫొటో తీసి, నాలుగు మాటలు రాసి, మ్యాపులో గుర్తు పెట్టి పంపొచ్చు. మిగతా ఆటగాళ్ళు ఓట్లేసి ఒప్పుకుంటే అది అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. దగ్గరికి నడిచి వెళ్ళినవాళ్ళకు బహుమతులు.

ఆవిడ పంపితే మూడుసార్లు కాదన్నారు. నాలుగోసారి ఒప్పుకున్నారు. ఆ సంబరంలో టైలరమ్మ ఒక చొక్కాకు రెండు చేతులూ తారుమారుగా కుట్టేసింది.

చెరువుకు మెట్లు, బోర్డు, దీపాలు అన్నీ ముందువైపే. గుర్తు పెట్టాల్సింది అక్కడ. ఆవిడ మాత్రం వెనక గట్టు మీద, సరిగ్గా తన కిటికీ కింద పెట్టింది. కడుపులో చల్ల కదలకుండా కుర్చీలోంచే బహుమతులు అందుకోవచ్చని.

విసురుగా కిందికి దిగింది.

"ఏమండీ, మీకేంటి ఇబ్బంది? ఇది మీ సొంత చెరువా?"

"కాదు తల్లీ. ఆ గుర్తేదో మెట్ల దగ్గరికి మార్పించు. ఇది అసలు గట్టే కాదు. పైన రాళ్ళూ మట్టీ, కింద నీళ్ళే."

"మీకు ఆట తెలుసా?"

"ఆట తెలీదు. నేల తెలుసు."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎండలో నిలబడి అందరినీ అదే మాట చెప్పి పంపేస్తున్నాడు.

టైలరమ్మ కాలనీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరో ముసలాయనండీ. రోజూ గట్టు మీదే ఉంటున్నాడు."

"ఉంటే? ఏం చేస్తున్నాడు?"

ఏమీ చేయడం లేదు. ఆ మాట చెబితే పని జరగదు.

"ఆడపిల్లలు అటు రావాలంటే భయపడుతున్నారు."

నోరు జారలేదు. కావాలనే అంది.

సెక్రటరీ వెళ్ళి పదిమందిలో నిలదీశాడు. పెద్దాయన ఒకసారి టైలరమ్మ కిటికీ వైపు చూశాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నిప్పు లేందే పొగ రాదన్నారు వీధిలో. పెద్దాయన అద్దెకున్న ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు.

ఆయన వెళ్ళిన తొమ్మిదో రోజు సాయంత్రం గట్టు కుంగింది. సరిగ్గా గుర్తు పెట్టిన చోట.

కాలేజీ పిల్ల ఒకతి పీకల దాకా దిగబడింది. టైలరమ్మ కిటికీలోంచి లైనింగు గుడ్డ తాను విసిరితే, కిందివాళ్ళు దాంతో లాగారు. ప్రాణం దక్కింది. కాలు రెండు చోట్ల విరిగింది.

టైలరమ్మ పెద్దాయన ఉన్న ఇంటి ఓనరు దగ్గరికి పరిగెత్తింది.

"ఆయన ఎక్కడికి వెళ్ళారండీ?"

"వెళ్ళగొట్టించింది నువ్వే కదమ్మా! చేతిసంచితో బస్సెక్కాడు. ఏ ఊరని నేను అడగలేదు."

ఆవిడ క్షమించమని అడగడానికి కూడా మనిషి లేకుండా చేసుకుంది.

కనీసం గుర్తయినా మారుద్దామనుకుంది. అసలు గట్టు ఎక్కడుందో రుజువు పంపమంది ఆట. మళ్ళీ సెక్రటరీ దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది.

"నేనొచ్చి రెండేళ్ళే. పాత కోర్టు కాగితాలేవో ఉండాలి," అంటూ ఆయన బీరువా అడుగు నుంచి ఒక ఫైలు లాగాడు.

"ఇదిగో పటం. ఎవరో బిల్డరు ఇళ్ళు కడదామని వెనకవైపు నుంచి చెరువు పూడ్పించడం మొదలుపెట్టాడట. పదకొండేళ్ళు కేసు నడిచాక కోర్టు ఆపించింది."

"కేసు వేసిందెవరు?"

"ఎవరో ఒక్కడేనట. పేపర్లో ఫొటో కూడా..."

సెక్రటరీ కాగితాన్ని మెల్లగా ఆవిడ వైపు తిప్పాడు.

వెనక గట్టు మీద, మట్టి లారీకి అడ్డంగా రెండు చేతులూ చాచి ఒంటరిగా నిలబడి ఉన్నాడు, అప్పటికింకా జుట్టు నెరవని ఆ పెద్దాయన.